కంచె చాటున వేగులవాడు

ప్రతిపక్షి బలాబలములను తెలిసికొనక రంగమున దిగువాడు సాహసికుడు కావచ్చును గాని వివేకవంతుడు కాజాలడు. వ్యాజ్యమునకు బోవు వకీలు ఎదుటివాని వాదసరణిని ముందుగనే యూహించును. ఎడ్లపందెమునకు బోవు రైతు పొరుగూరి జత యే పరుగు పరుగెత్తినదో, ఏ తిరునాళ్లలో గెలిచినదో విచారించియే తన జతకు కాడి కట్టును. దీనిని తప్పుపట్టు వారెవ్వరును లేరు. కాని ఆ రైతే పందెమునకు ముందునాటి రాత్రి పొరుగువాని కొట్టము గోడకు చెవి యొగ్గి, ఆ యెడ్లకు పెట్టు దాణా యెంతయో, ఏ యెద్దు కుంటుచున్నదో పొంచి చూచెననుకొందము. ఊరిపెద్దలు ఊఱకుందురా? ఆతడేమియు దొంగిలింపలేదు, ఎవ్వరిని కొట్టలేదు. అయినను పదుగురి యెదుట ఆతడు తలయెత్తుకొని నిలువజాలడు. ఏలననగా, తెలిసికొనుటకును పొంచిచూచుటకును నడుమ సన్నని గీటొకటి కలదని మనవారెల్లరు ఎఱుగుదురు.

ఆ గీటు ఎచ్చటనున్నది? దానిని గీచినవారెవరు? శాసనములో వ్రాయబడని యెడల అది యున్నట్లా, లేనట్లా? 2019వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున రేగిన యొక ఫుట్‌బాల్ వివాదము ఈ ప్రశ్నలను లోకము ముందుంచినది. బంతియాటతో మాకేమి పనియని పాఠకులు దీనిని త్రోసిపుచ్చరాదు. పోటీ యున్న ప్రతి చోటను, అనగా వర్తకములో, న్యాయస్థానములో, ఎన్నికల రంగములో, ఈ ప్రశ్న మన వాకిటనే నిలిచియున్నది.

ఇంగ్లండున ఫుట్‌బాల్ వినోదము మాత్రమే కాదు, మహావాణిజ్యము. అగ్రశ్రేణి పేరు ప్రీమియర్ లీగు. దాని క్రింది శ్రేణి ఛాంపియన్‌షిప్. ఆ యేడు ఈ క్రింది శ్రేణిలో 24 జట్లు పోరాడినవి. ఏడాది తుదకు వానిలో మూడింటికి మాత్రమే పై శ్రేణికి ప్రవేశము. మొదటి రెండు జట్లు నేరుగా పోవును. తరువాతి నాలుగు జట్లును మూడవ చోటి కొఱకు తమలో తాము తలపడవలసి యుండెను. పైకెక్కిన జట్టునకు ఆదాయము కోట్ల పౌనులు. ఎక్కలేనివానికి మఱియొక యేడు నిరీక్షణము. లీడ్స్ యునైటెడ్ అను పేరుమోసిన జట్టు 2004లో అగ్రశ్రేణి నుండి జారిపడి, అప్పటినుండియు మఱల నెక్కలేక తపించుచుండెను. 2019 జనవరి నాటికి అది పట్టికలో ప్రథమ స్థానమున నుండెను. పదునైదేండ్ల యాకలి తీఱు దినము దాపయినదని లీడ్స్ ప్రజలు సంబరపడుచుండిరి.

ఇట్టి సమయమున, జనవరి 10వ తేదీన, డర్బీ కౌంటీ జట్టు అభ్యాసము చేయుచుండగా, ఆ స్థలపు కంచె వెలుపల నొక మనుజుడు సంచరించుచున్నాడని పోలీసులకు వర్తమానమందెను. వారు వచ్చి విచారింపగా, ఆతడు లీడ్స్ జట్టు కొలువులోని వాడని తేలెను. ఆ మఱునాడే ఈ రెండు జట్లకును లీడ్స్ నగరమున పోటీ. పోలీసులాతనిని అరెస్టు చేయలేదు. కాని వార్త దావానలమువలె వ్యాపించెను. మఱునాడు లీడ్స్ జట్టు రెండు గోలులు వేసి, ఒక్కటియు ఈయక గెలిచినది. గెలిచినవారి జయఘోష కంటె ఓడినవారి ఆక్రోశమే మిన్నుముట్టెను. డర్బీ శిక్షకుడు ఫ్రాంక్ లాంపార్డ్ ఇది న్యాయమైన ఆట కాదని బహిరంగముగ నిరసించెను.

లీడ్స్ శిక్షకుడు మార్సెలో బియెల్సా అర్జెంటీనా దేశీయుడు. ఆతని తాత రఫాయెల్ బియెల్సా ఆ దేశమున పరిపాలనా న్యాయశాస్త్రమునకు ప్రామాణికుడుగా పేరెన్నిక గన్నవాడు. సోదరుడు 2003 మొదలు 2005 వఱకు విదేశాంగ మంత్రి. అట్టి యింట పుట్టిన యీతడు దొరికిపోయిన పిమ్మట ఏమి చేసెనో గమనింపదగును. సాధారణముగ ఇట్టి పట్టున పెద్దలు చేయు పని యొకటి కలదు. మాకేమియు తెలియదు, క్రింది యుద్యోగి తనంతట తాను చేసినాడు, విచారణ జరిపించెదము అని ప్రకటించి చేతులు దులుపుకొందురు. బియెల్సా అట్లు చేయలేదు. పోటీకి ముందే లాంపార్డుతో టెలిఫోనులో మాటలాడి, ఆ మనిషిని పంపినది తానేయని యొప్పుకొనెను. పిదప లోకమెల్ల వినునట్లు, బాధ్యత పూర్తిగ తనదేయని చెప్పెను.

అంతటితో ఆగలేదు. జనవరి 16వ తేదీన విలేఖరులను హఠాత్తుగ పిలిపించెను. రాజీనామా యిచ్చుటకే కాబోలునని పలువురు తలచిరి. ఆతడు రాజీనామా యీయలేదు. తెఱమీద బొమ్మలు, పట్టికలు చూపుచు, దుబాసి సహాయమున, గంటకు పైగా నొక ఉపన్యాసమే చేసెను. ఆ యేడు తాము ఎదుర్కొనిన ప్రతి జట్టు అభ్యాసమునకును మనిషిని పంపితినని నిస్సంకోచముగ వెల్లడించెను. అడిగినది డర్బీ సంగతి. ఆతడు ఒప్పుకొనినది అన్నింటి సంగతి! పిమ్మట తమ పరిశోధన యెట్టిదో వివరించెను. డర్బీ జట్టు 2017–18లో ఆడిన 51 పోటీలను తన సహాయకులు చూచిరనియు, ఒక్కొక్క పోటీ పరిశీలనకు నాలుగు గంటలు పట్టుననియు చెప్పెను. లెక్క వేసినచో ఒక్క ప్రతిపక్షి కొఱకు రెండువందల గంటలకు పైబడిన పరిశ్రమ! ఏ యాటగాడు ఏ చోట నెన్ని మాఱులు ఆడెను, జట్టు ఏ సమయమున ఏ వ్యూహమునకు మాఱెను, సమస్తమును అందు లిఖింపబడి యుండెను.

అయినచో కంచె చెంతకు మనిషిని పంపవలసిన యవసర మేమి? ఈ ప్రశ్నకు బియెల్సా యిచ్చిన సమాధానమే యీ కథయంతటికిని మర్మస్థానము. ఆ వేగువలన లభించునది స్వల్పమేయని ఆతడే యొప్పుకొనెను. అయినను చేయగలిగిన దేదైన చేయక విడిచినచో తన మనసు తన్ను దోషిగా నిలువబెట్టుననియు, ఆ యాందోళనను అణచుకొనుటకే ఇదంతయు చేయుచుందుననియు చెప్పెను. 2012లో స్పెయిను రాజ కప్పు తుదిపోటీలో తాను శిక్షణ మిచ్చిన బిల్బావో జట్టు బార్సెలోనా చేతిలో 3–0గా నోడిన వృత్తాంతమును కూడ తలచుకొనెను. ఆ పోటీ పిమ్మట తాను సిద్ధపఱచిన పరిశీలనను ప్రతిపక్ష శిక్షకుడు గార్డియోలాకు కానుకగా పంపగా, నా జట్టును గూర్చి నాకంటె నీకే యెక్కువ తెలియునని ఆతడు మెచ్చుకొనెనట. కాని ఆ తెలివి తనకు కొఱగాలేదు. మూడు గోలుల తేడాతో నోడితిమి గదాయని బియెల్సా తన్ను తానే పరిహసించుకొనెను.

ఫిబ్రవరి 18వ తేదీన ఇంగ్లీషు ఫుట్‌బాల్ లీగువారు తీర్పు చెప్పిరి. లీడ్స్ జట్టునకు 2,00,000 పౌనుల జరిమానాయు, తీవ్ర మందలింపును విధించిరి. ఆ ధనమును బియెల్సా తన సొంత జేబునుండియే చెల్లించెను. ఇచ్చట న్యాయవాదులకు ఆసక్తికరమైన విషయమొకటి కలదు. ప్రతిపక్షి అభ్యాసమును చూడరాదను నియమమేదియు అప్పటికి లేదు. జట్లు పరస్పరము పరిపూర్ణమైన సద్భావముతో మెలగవలెనను సామాన్య నిబంధన మాత్రమే యుండెను. దానిని పట్టుకొనియే శిక్ష వేసిరి. తరువాతనే, పోటీకి ముందు 72 గంటలలో ఏ జట్టును, ఆహ్వానము లేక, వేఱొక జట్టు అభ్యాసమును స్వయముగ గాని పరులచేత గాని చూడరాదని క్రొత్త నియమము చేసికొనిరి.

శాసనములో లేని నేరమునకు శిక్షయేమియని లీడ్స్ పక్షపాతులు వాదించిరి. ఈ వాదము పైకి బలముగ తోచును గాని నిలువదు. దొంగతనము చేయరాదని గోడమీద వ్రాసిన ఇల్లు మాత్రమే దొంగతనమునకు తగనిదా? సద్భావము అను మాట నియమావళి వ్రాసినవారు అలంకారార్థము చేర్చినది కాదు. రాబోవు కాలమున ఏ తెలివిగలవాడు ఏ సందు కనిపెట్టునో ముందుగ నూహించుట మానవులకు శక్యము కాదు గనుకనే, అన్ని సందులను కప్పునట్టి యా మాటను వ్రాసికొందురు. సందు దొరకినంత మాత్రమున దూరవచ్చునను వానికి నియమములు ఎన్ని వ్రాసినను చాలవు.

ప్రతిపక్షిని పరిశోధించుటయే తప్పని మా యభిప్రాయము కాదు. అది ఆటకెంత పాతదో తెలిసినచో పాఠకులు ఆశ్చర్యపడుదురు. రాజవైమానిక దళమున లెక్కల యుద్యోగియైన చార్లెస్ రీప్ 1950 మార్చి 18న స్విండన్ నగరమున ఒక పోటీ చూచుచు, పెన్సిలు కాగితము పుచ్చుకొని ప్రతి దాడిని గుర్తు వేయనారంభించెను. 1961 మొదలు 1974 వఱకు ఇదే లీడ్స్ జట్టును నడిపిన డాన్ రెవీ, ఎదుటి జట్టును గూర్చి దళసరి నివేదికలు వ్రాయించి ఆటగాండ్రకు చదివి వినిపించుటలో ప్రసిద్ధుడు. 2006 జూన్ 30న బెర్లిన్ నగరమున జర్మనీ అర్జెంటీనాల పోటీ సమమై పెనాల్టీల వఱకు వచ్చినప్పుడు, జర్మను గోలుకీపరు యెన్స్ లేమాన్ తన మేజోడులో దాచుకొనిన కాగితపు ముక్కను తీసి చూచుకొనెను. అందు ఏడుగురు అర్జెంటీనా ఆటగాండ్ర పేర్లును, ఎవరెటు తన్నుదురో ఆ వివరమును ఉండెను. ఆ యేడుగురిలో ఇద్దరు మాత్రమే తన్నుటకు వచ్చిరి. అయినను కడపట వచ్చిన కాంబియాస్సో, ఆ కాగితములో తన పేరు లేకపోయినను, తన్నిన బంతిని లేమాన్ ఆపివేసెను, జర్మనీ గెలిచెను. ఇదంతయు పదివేల కన్నుల యెదుట ఆడిన ఆటలనుండి పోగుచేసిన తెలివియే. దీనికి వంక పెట్టువాడెవడు?

ఇంత దూరము పోనేల? మన హైదరాబాదు రహీంగారి వృత్తాంతమే చాలును. సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, భారతదేశ జట్టునకు శిక్షకులైన సయ్యద్ అబ్దుల్ రహీంగారు 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలకు జట్టును గొనిపోయిరి. మొదటి దశలో దక్షిణ కొరియా చేతిలో మనవారు 2–0గా నోడిరి. తుదిపోటీలో మఱల ఆ కొరియాయే ఎదురయ్యెను. రక్షణపంక్తిలో నాడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు వేయించుకొని యుండెను. రహీంగారు ఆతనిని దాడిపంక్తి నడుమ నిలిపిరి. మనవారు 2–1గా గెలిచి స్వర్ణపతకముతో వచ్చిరి. ఆ రెండు గోలులలో నొకటి జర్నైల్ సింగుదే. ఆ జట్టులో సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం కూడ నుండెను. ఒకమాఱు తిన్న దెబ్బయే రహీంగారికి గురువు. దానికి వేగులవాడు పనిలేదు.

కావున గీటు తెలివికిని అజ్ఞానమునకును నడుమ నున్నది కాదు. ప్రతిపక్షి లోకము నెదుట ప్రదర్శించిన దానికిని, తన కంచె లోపల దాచుకొనిన దానికిని నడుమ నున్నది. మైదానమున ఆడిన ఆట అందఱి సొత్తు. దానిని నూఱుమాఱులు చూడవచ్చును, ప్రతి యడుగును కొలువవచ్చును. కాని రేపటి పోటీకై నేడు చేయు ఆలోచన, ఎవనికి గాయమయ్యెను, ఎవని స్థానమున నెవ్వడు దిగును అను రహస్యము ఇంకను లోకమునకు అర్పింపబడలేదు. తాను తప్పుచేసి దిద్దుకొనుటకు ప్రతివానికిని ఒక చాటు కావలెను. ఆ చాటు లేనిచో అభ్యాసమే లేదు. అభ్యాసము లేనిచో ఆటయే లేదు. తన చాటును కాపాడుకొనుచు పరుని చాటును భేదించువాడు ఆటనుండి సమత్వమును దొంగిలించుచున్నాడు. తనకు కలిగిన లాభము స్వల్పమని చెప్పుట దీనికి జవాబు కాజాలదు. స్వల్పమైనచో మానవచ్చును గదా!

వేగుల సంగతి మన పురాణములకు క్రొత్త కాదు. లంక వెలుపల శ్రీరాముని సేన విడిసియుండగా, రావణుడు పంపిన శుకసారణులు వానరరూపములు దాల్చి శిబిరమున చొచ్చి పట్టువడిరి. శ్రీరాముడు వారిని దండింపలేదు. చూడవలసినది మిగిలియున్నచో చూచి పొండని విడిపించెను. తన బలమును నమ్మిన వాని నిర్భయత్వము అది. కాని యొక్క మాట మఱవరాదు. శత్రువును క్షమించిన యౌదార్యము శ్రీరామునిది. దానివలన వేగు పంపినవాని పని ధర్మమై పోలేదు. మఱియు అది యుద్ధము. ఆట యుద్ధమును బోలినదైనను యుద్ధము కాదు. ముగిసిన పిమ్మట ఇరువురును చేతులు కలుపుకొనుటకే అది యేర్పడినది.

బియెల్సాను కపటియని తేల్చివేయుటకు తొందరపడువారు ఆ యేటి ఏప్రిల్ 28వ తేదీ వృత్తాంతమును వినవలెను. ఆనాడు లీడ్స్ నగరమున ఆస్టన్ విల్లా జట్టుతో పోటీ. విల్లా ఆటగాడొకడు దెబ్బతిని నేలపై బడియుండగా, ఆట నిలుచునని ఎదుటివారు భ్రమించిరి. లీడ్స్ జట్టు క్లిఖ్ ముందునకు దూసికొనిపోయి గోలు వేసెను. నియమము ప్రకారము అది నిక్కమైన గోలే. రెఫరీ ఈల ఊదలేదు. మైదానమున త్రోపులాటలు చెలరేగెను. ఆ కలహములో లీడ్స్ ఆటగాడొకడు దెబ్బ తగిలినట్లు నటింపగా విల్లా ఆటగాడొకడు అన్యాయముగ బయటకు పంపబడెను. ఆ శిక్ష పిదప రద్దయి, నటించినవానిపై రెండు పోటీల నిషేధము పడెను. అట్టి రభసలో బియెల్సా తన జట్టువంక తిరిగి, ఎదుటివారిని గోలు వేయనిండని గట్టిగ నాజ్ఞాపించెను. అడోమా అను విల్లా ఆటగాడు బంతిని నడిపించుకొనిపోయి గోలు వేసెను. సహింపలేని లీడ్స్ ఆటగాడొక్కడు అడ్డుపడజూచెను గాని తక్కినవారు కదలలేదు. పోటీ 1–1గా ముగిసెను. అప్పటికే సన్నగిల్లియున్న ఆశ దానితో పూర్తిగ తెగిపోయి, నేరుగా పైకెక్కు రెండవ చోటు షెఫీల్డ్ యునైటెడ్ పరమయ్యెను. ఆ కార్యమునకే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా వారు ఆ యేడు బియెల్సాకును లీడ్స్ జట్టునకును ధర్మక్రీడా బహుమానము నొసగిరి.

జనవరిలో వేగుల నంపినవాడే ఏప్రిల్‌లో చేతికందిన గోలును తిరిగి యిచ్చెను! ఇది యెట్లు సంభవించెను? మాకు తోచినది యిది. ఏప్రిల్ నాడు ఎదుటివానికి జరిగిన యన్యాయము ఆతని కన్నుల యెదుట నుండెను. ఆతడు దానిని చూచెను. జనవరి నాడు ఆతనికి కనబడినది తన యాందోళన మాత్రమే. ఏమి చేయక విడిచితినో యను భయము మనిషిని ఆవరించినప్పుడు, ఎదుటివాడు మనుజుడని తోచదు, విషయసంచయమని తోచును. సజ్జనులు సైతము గీటు దాటునది ఇట్టి వేళనే. దురాశాపరులు చేయు తప్పులను లోకము త్వరలోనే పోల్చుకొనును. శ్రద్ధ యను పేర జరుగు తప్పులను పోల్చుకొనుట కష్టము.

విధి యొక పరిహాసమును మిగిల్చెను. ఆ యేడు లీడ్స్ డర్బీని మూడు మాఱులు ఓడించినది: ఆగస్టులో, జనవరిలో, మే 11న. కాని మే 15న లీడ్స్ నగరముననే డర్బీ 4–2గా గెలిచి, రెండు పోటీల మొత్తము మీద 4–3 ఆధిక్యముతో లీడ్స్‌ను పోటీనుండి వెడలగొట్టెను. వందల గంటల పరిశోధనయు, వేగులవాడును ఆ రాత్రి ఆదుకొనలేదు. మఱుసటి యేడు, 2020లో, ప్రథమ స్థానము నార్జించి లీడ్స్ అగ్రశ్రేణి కెక్కెను. కంచె చెంత మనిషిని నిలుపకయే ఎక్కవచ్చునని ఆ జయమే సాక్ష్యము చెప్పినది.

ఈ పాఠమును లోకము నేర్చుకొనెనా? 2024 జూలైలో పారిస్ ఒలింపిక్ క్రీడలకు ముందు, సెంటెటియెన్ నగరమున న్యూజిలాండు స్త్రీల జట్టు అభ్యాసము చేయుచుండగా ఆకాశమున డ్రోన్ యంత్రమొకటి తిరుగుట కనబడెను. దానిని నడిపినవాడు కెనడా జట్టు పరివారములోనివాడు. కెనడా అంతకు ముందటి ఒలింపిక్ స్వర్ణపతక విజేత! ఫీఫా వారు శిక్షకురాలు బెవ్ ప్రీస్ట్‌మన్‌తో గూడ ముగ్గురిని ఒక్కొక్క యేడు నిషేధించి, 2,00,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసి, జట్టునుండి ఆఱు పాయింట్లను కోసివేసిరి. ఆ యువతులు తమ విభాగమున మూడు పోటీలును గెలిచిరి. తొమ్మిది పాయింట్లు రావలసినవారికి మూడు మాత్రమే మిగిలెను. ఎట్లో ముందంజ వేసి, తరువాతి పోటీలో జర్మనీతో పెనాల్టీలలో నోడిరి. డ్రోన్ పంపినది వారు కాదు. దాని వెలను రంగమున చెమటోడ్చి చెల్లించినది మాత్రము వారే. ఇచ్చట బియెల్సా ప్రవర్తనలోని యొక గుణము మఱల జ్ఞప్తికి వచ్చును. తప్పు చేసినను, దాని భారమును క్రిందివారి నెత్తిన నెట్టక, మాటతోను ధనముతోను తానే మోసెను.

కంచె ఎత్తు పెంచుటచే ఈ జాడ్యము కుదురదు; డ్రోన్‌కు కంచె అడ్డము కాదు. రేపు మఱియొక యంత్రము వచ్చును. ప్రతి యంత్రమునకు వెనుక నియమము పరుగెత్తుచునే యుండును, ఎన్నటికిని అందుకొనజాలదు. కావలసినది యొక్క ప్రశ్న: నేను చేయుచున్న యీ పనిని ప్రతిపక్షి చూచుచుండగా చేయగలనా? మైదానమున కూర్చుండి కాగితముపై వ్రాసికొనువాడు ధైర్యముగ చేయగలననును. పొదల చాటున నిలిచినవాడు అనజాలడు. వకీలైనను, వర్తకుడైనను, ఓటు యాచించు నాయకుడైనను ఈ ప్రశ్న వేసికొనినచో గీటు తనంతట తానే కానవచ్చును.

పొరుగూరి యెడ్లను పందెపు బాటలో కన్నులార చూడుడు. వాని కొట్టమును వానికి విడువుడు. గెలుపు వచ్చినచో ఊరెల్ల మెచ్చును; రానిచో, మఱుసటి తిరునాళ్లకు మఱల పోవుటకు ముఖము మిగులును.